విశ్వనాథం కరెంటు పరీక్ష

శనివారం పొద్దున్న ఎనిమిదింటికి విశ్వనాథం ఒళ్ళో ల్యాప్‌టాప్, చేతిలో కాఫీ గ్లాసు పెట్టుకుని, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఇంటి కరెంటు సంగతి తేల్చేస్తానని భార్యకు మాట ఇచ్చాడు. ఆ మాట ఇమ్మని వసుంధర అడగలేదు. ఆమె వంటింట్లో వంకాయలను నాలుగు పక్షాలుగా చీలుస్తూ ఉంది.

ఆ ఏడాది సింగపూర్‌లో ఎవరికి నచ్చిన కంపెనీ దగ్గర వాళ్ళు కరెంటు కొనుక్కోవచ్చన్నారు. అంతవరకూ ఒకటే కంపెనీ, ఒకటే ధర, నోరు మూసుకుని కట్టడమే. ఇప్పుడు హౌగాంగ్ స్టేషన్ బయట రంగురంగుల టీషర్టులు వేసుకున్న కుర్రాళ్ళు బల్లలు వేసుకుని కూర్చుంటున్నారు. ఒకడు రెండేళ్ళదాకా ధర మార్చనంటాడు. ఒకడు సర్కారు ధర మీద ఇంత శాతం తగ్గిస్తానంటాడు. ఇంకొకడు రాత్రిళ్ళు చవక, పగలు మాత్రం కొంచెం ఎక్కువ అని చివరి ముక్క చిన్నగా చెబుతాడు. మామూలు మనుషులు ఎవరు మంచి గొడుగు ఉచితంగా ఇస్తే వాళ్ళ దగ్గర సంతకం పెట్టి ఇంటికి పోతున్నారు.

విశ్వనాథం అలాంటివాడు కాదు. ఒక బ్యాంకు టెక్నాలజీ విభాగంలో ప్రాజెక్ట్ మేనేజరు. బ్యాంకులన్నీ ఉన్న సర్వర్లను పీకి క్లౌడ్ మీదికి ఎక్కిస్తున్న రోజులవి. వారానికి నలుగురు ఫోన్ చేసి ఇంతకంటే మంచి ఉద్యోగం ఇస్తామనేవారు. నెలకు పదో ఇరవయ్యో డాలర్లు మిగలకపోతే ఆ ఇంటికి వచ్చే లోటేమీ లేదు. కాని ఎక్సెల్ తెలిసిన మనిషి గొడుగు చూసి సంతకం పెట్టడమేమిటన్నది ఆయన పట్టుదల. అందుకని పదకొండు కంపెనీలు, పద్నాలుగు గడులతో ఒక పట్టిక తయారుచేశాడు. వారం రోజులుగా పొద్దున్న ఏడింటికి, సాయంత్రం ఏడింటికి వరండాలో ఉన్న మీటర్ల అల్మారా తెరిచి రీడింగు రాసుకున్నాడు. వాడకం ఆశ్చర్యంగా తక్కువ వచ్చింది. గదిలోంచి బయటికి వస్తూ లైటు ఆర్పమని తాను పదేళ్ళుగా ఇంటిల్లిపాదికీ చెబుతున్నది ఊరికే పోలేదనుకున్నాడు.

"గ్యాసుకి కూడా ఒక గడి పెట్టాను వసూ. సిలిండర్ మానేసి ఇండక్షన్ పొయ్యి పెట్టుకుంటే ఎంత తేడా వస్తుందో..."

"ఇవాళ గ్యాసు జోలికి రాకండి," అంది వసుంధర. "ఒంటిగంటకి తారాదేవిగారు భోజనానికొస్తున్నారు. గుర్తుందా?"

గుర్తు లేకేం. తారాదేవి ఆ ఫ్లాటు యజమానురాలు. వాళ్ళ తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఆమె ఈ ఫ్లాటులోనే పద్దెనిమిదేళ్ళు కాపురం చేసి, తరవాత సెరంగూన్‌లో కాండో అనే ఖరీదైన ఫ్లాటు కొనుక్కుని వెళ్ళింది. అద్దె ఒప్పందం నెలాఖరుతో అయిపోతోంది. ఇంకెవరో నెలకు రెండు వందలు ఎక్కువ ఇస్తామంటున్నారని ఆమె ఫోన్లో రెండుసార్లు అన్నది. రుచిత బడి ఇక్కడికి అయిదు నిమిషాల నడక. పిల్లకు ఈ ఏడే ఆరో తరగతి పెద్ద పరీక్ష. ఇప్పుడు ఇల్లు మారడమంటే వసుంధరకు నిద్ర పట్టడం లేదు. అందుకే ఇవాళ గుత్తివంకాయ, పులిహోర, కొబ్బరి పచ్చడి, సేమ్యా పాయసం.

పది గంటలకు విశ్వనాథం చివరి పరీక్షకు సిద్ధమయ్యాడు. ముందు ఇంట్లో మెయిన్ ఆపాలి. మీటరు ఆగిందని చూసుకోవాలి. తరవాత ఫ్రిజ్, ఏసీ, గీజరు ఒక్కొక్కటే వేసి దేనికెంత తిరుగుతుందో లెక్క కట్టాలి. అంతా కలిపి అరగంట. రైస్ కుక్కర్లో పులిహోర బియ్యం అప్పుడే పెట్టానని వసుంధర వంటింట్లోంచి చెప్పేలోపే ఆయన మెయిన్ దించేశాడు. ఫ్యాను ఆగింది. గదిలోంచి సింగపూర్ యాసలో రుచిత గొంతు వినిపించింది.

"డాడీ, వైఫై డెడ్ లా."

విశ్వనాథం వరండాలోకి వెళ్ళి అల్మారా తెరిచి టార్చి వేశాడు. మీటర్లో చక్రం తిరుగుతోంది. నింపాదిగా, తనకేమీ పట్టనట్టు తిరుగుతోంది. లోపలికి వచ్చి మెయిన్ చూశాడు. దించే ఉంది. మళ్ళీ వెళ్ళి చూశాడు. చక్రం తిరుగుతూనే ఉంది. ఇంట్లో దీపం లేదు, మీటరుకు మాత్రం పని ఉంది. అంటే వారం రోజుల ఆ తక్కువ వాడకంలో కూడా ఎవరో వాటా పంచుకుంటున్నారన్నమాట.

పక్క ఫ్లాటులోంచి వాషింగ్ మెషిన్ చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు హోరెత్తినప్పుడల్లా చక్రం కూడా వేగం అందుకోవడం విశ్వనాథం కనిపెట్టాడు.

పక్క ఫ్లాటు లిమ్ అంకుల్‌ది. డెబ్భై రెండేళ్ళ మనిషి, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. లిఫ్టులో కనబడితే తల ఊపడం తప్ప ఆయనతో విశ్వనాథానికి పరిచయం లేదు. అటువంటి మనిషిని, అయ్యా మీరు మా కరెంటు వాడుతున్నారు అని ఎలా అడుగుతాడు? తలుపు తట్టి, వాషింగ్ మెషిన్ నడుస్తోందా అని మర్యాదగా అడిగాడు. చప్పుడు ఎక్కువై పక్కింటాయన ఫిర్యాదుకు వచ్చాడనుకున్నాడు లిమ్. మూడుసార్లు క్షమించమని, పరుగెత్తి మెషిన్ ఆపేశాడు. విశ్వనాథం అల్మారా దగ్గరికి వెళ్ళి చూస్తే చక్రం నెమ్మదించింది.

ఒక్క రుజువుతో ఊరుకునే ఉద్యోగం కాదు ఆయనది. మళ్ళీ తలుపు తట్టి, ఇంట్లో టీ కాచుకునే కెటిల్ ఉందా అని అడిగాడు. లిమ్ ముఖం విప్పారింది. పక్కింటాయనకు టీ తాగాలనిపించిందని అర్థం చేసుకుని, లోపలికి రమ్మని, కుర్చీ చూపించి, కెటిల్ వేశాడు. ఒక్క నిమిషం అని విశ్వనాథం అల్మారా దగ్గరికి పరుగెత్తాడు. చక్రం జోరందుకుంది. తిరిగి వచ్చేసరికి ఆయన ఒళ్ళు చెమటలు కక్కుతోంది. అది చూసి లిమ్ ఫ్యాను వేశాడు, తరవాత ఏసీ కూడా వేశాడు. తన కరెంటుతో తనకే ఇంత మర్యాద జరుగుతుంటే విశ్వనాథానికి టీ గొంతు దిగలేదు. అయినా రెండు కప్పులు తాగాడు. లేవబోతూ, పరీక్ష కోసం కాసేపు మీ మెయిన్ ఆపుతారా అని అడిగాడు. ఎందుకని కూడా అడక్కుండా లిమ్ ఆపేశాడు. ఆయన రైస్ కుక్కర్లో అన్నం సగంలో ఆగింది. చక్రం పూర్తిగా ఆగింది.

"మన వైరింగు ఆయన వైరింగు కలిసిపోయాయి," అన్నాడు విశ్వనాథం ఇంటికి వచ్చి.

వసుంధర అప్పటికి కుక్కర్లోని బియ్యాన్ని గిన్నెలోకి ఒంపి గ్యాసు పొయ్యి మీదికి ఎక్కించింది. కొబ్బరిని మిక్సీ లేక కల్వంలో నూరుతోంది. "మెయిన్ వేసి మాట్లాడండి," అంది.

"ఇప్పుడు వేస్తే ఎవరి కరెంటు ఎవరికి పోతుందో తెలీదు."

ఆయన ఆ మాటను తొమ్మిదో అంతస్తులో ఉన్న ఈశ్వరరావుకు ఫోన్లో చెప్పకుండా ఉండాల్సింది. ఈశ్వరరావు కూడా ఐటీ మనిషే, సెక్యూరిటీ విభాగం. చిన్న విషయాన్ని చిన్నదిగా చూడటం ఆయన ఉద్యోగంలో లేదు. అయిదు నిమిషాల్లో బ్లాకు వాట్సాప్ గ్రూపులో, ఆరో అంతస్తులో వైరింగు తారుమారు, అందరూ మెయిన్ ఆపి మీటర్లు చూసుకోండి అని పెట్టాడు. పదకొండున్నరకల్లా అంతస్తుకొక గుంపు తయారైంది. మెయిన్ ఆపినా తమ మీటరు తిరుగుతోందని నాలుగో అంతస్తులో ఇద్దరు, ఎనిమిదో అంతస్తులో ముగ్గురు చెప్పారు. తన వ్యవహారం ఇంత పెద్దదా అని విశ్వనాథం ఒకింత భయపడ్డాడు, ఒకింత గర్వపడ్డాడు కూడా. ఎవరో టౌన్ కౌన్సిల్‌కు ఫోన్ చేస్తే, మూడింటికి మనిషిని పంపుతామన్నారు. అప్పటిదాకా మెయిన్ వేసి పక్కవాడి ఏసీ నడపడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పదమూడు ఇళ్ళలో కరెంటు లేదు. లిమ్ తన కుక్కర్ గిన్నె పట్టుకుని గుమ్మంలో బిక్కమొహంతో నిలబడితే, వసుంధర దాన్ని తీసుకుని రెండో పొయ్యి మీద పెట్టింది.

పన్నెండు నలభైకి తారాదేవి లిఫ్టు దిగింది. అరవై ఏళ్ళ మనిషి, పట్టుచీర, చేతిలో ఒప్పందం కాగితాల సంచి. వరండా నిండా జనం, తెరిచిన అల్మారా, టార్చి లైట్లు. విశ్వనాథం గుంపుకు అవతల ఉన్నాడు. ఆమెకు ఎదురుపడ్డది ఈశ్వరరావు. బొట్టూ చీరా చూసి తెలుగామె అని ఆనందపడి, ఏమైందని ఆమె అడిగీ అడగకముందే తెలుగులో వివరించడం మొదలుపెట్టాడు.

"నూట ఇరవై ఏడో నంబరు ఫ్లాటు ఓనరమ్మ చేసిన పనండీ ఇది. ఇక్కడున్నప్పుడు ఎవరో చవక పనివాడితో వైరింగు చేయించి ఉంటుంది. పాపం మావాడు అద్దెకొచ్చి ఇరుక్కున్నాడు."

"ఎవరా ఓనరు?" అంది తారాదేవి.

"ఎవరో తారాదేవి అట. ఇప్పుడు సెరంగూన్‌లో కాండోలో ఉంటోంది. ఈ మిగిల్చిన డబ్బుతోనే కొనుంటుంది."

జనం మీదుగా చేతులు ఊపుతున్న విశ్వనాథాన్ని ఈశ్వరరావు చూశాడు గాని, పలకరిస్తున్నాడనుకుని తనూ చెయ్యి ఊపాడు. తారాదేవి సంచిలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, గుంపులోంచి దారి చేసుకుని అల్మారా ముందు నిలబడింది. మీరు చూసింది ఏ మీటరని విశ్వనాథాన్ని అడిగింది. ఆయన పైదాన్ని చూపించాడు. దాని కింద నూట ఇరవై ఏడు అని చీటీ అంటించి ఉంది.

"ఆ చీటీ కింది మీటరుది, తంబీ," అంది తారాదేవి. "పైన ఉండేది లిమ్‌ది. ఈ బ్లాకంతా చీటీ మీటరుకి పైనే అంటిస్తారు. పద్దెనిమిదేళ్ళు బిల్లు కట్టినాను, నాకు తెలీదా?"

అందరూ కింది మీటరు వైపు టార్చి తిప్పారు. దాని చక్రం బుద్ధిగా కదలకుండా ఉంది. పదింటి నుంచీ అలాగే ఉండి ఉంటుంది.

ఒకరి తరవాత ఒకరు ఏదో పని గుర్తొచ్చినట్టు మెల్లగా జారుకున్నారు. నాలుగో అంతస్తులో ఒక మిక్సీ, ఎనిమిదో అంతస్తులో ఒక టీవీ మోగడం వినిపించింది. ఆఫీసు కాల్ ఉందని ఈశ్వరరావు లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయాడు. విశ్వనాథం లోపలికి వెళ్ళి మెయిన్ వేశాడు. అంతకుమించి ఆయన చేతిలో ఏమీ లేదు.

భోజనాల బల్ల దగ్గర తారాదేవి ముఖం నవ్వకుండానే ఉంది. గుత్తివంకాయ రెండోసారి వేయించుకున్నా మాట కలపలేదు. ఒప్పందం కాగితాల సంచి కుర్చీ కిందే ఉంది. వసుంధర భర్త వైపు చూడటం మానేసి చాలాసేపైంది. అన్నం ఈ ఇంట్లోనే ఉడికింది కనక లిమ్‌ను కూడా కూర్చోబెట్టారు. ఆయన ఒక్కడే హాయిగా ఉన్నాడు. పాత పొరుగావిడ కనబడేసరికి ఆయనకు మాటలు వచ్చాయి. ఆయన ఇంగ్లీషులో చెప్పిందంతా రుచిత తల్లి కోసం మధ్యమధ్య తెలుగులోకి మార్చింది. భార్య పోయాక తన తలుపు తట్టినవాళ్ళు పార్సిల్ కుర్రాళ్ళే తప్ప ఇంకెవరూ లేరట. ఇవాళ ఈ పక్కింటాయన వచ్చి, వాషింగ్ మెషిన్ పనిచేస్తోందా, కెటిల్ ఉందా అని అడిగి, కూర్చుని రెండు కప్పులు టీ తాగాడట. వయసు మళ్ళినవాడు ఒంటరిగా ఉన్నాడు, ఇంట్లో అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో అని చూడటానికే వచ్చాడని తనకు తెలిసిపోయిందట. మెయిన్ కూడా ఆపించి పరీక్ష చేశాడు, మంచి మనిషి అన్నాడు లిమ్.

తారాదేవి చెంచా కింద పెట్టింది. లిమ్ భార్య తనకు ఎంత స్నేహితురాలో, ఆమె పోయినప్పటినుంచీ ఈయన సంగతి తనకు ఎంత బెంగో చెప్పి, విశ్వనాథం వైపు తిరిగింది.

"నిజంగా అందుకే పోయినారా?"

లెక్కల్లో తప్పు కనబడితే పక్కవాడి కాగితంలోనైనా దిద్దకుండా ఉండలేని మనిషి విశ్వనాథం. ఆయన నోరు తెరిచాడు. బల్ల కింద వసుంధర కాలు ఆయన కాలి మీద పడింది. ఆయన కొంచెం పాయసం తీసుకున్నాడు.

ఒప్పందం మీద సంతకాలు రెండింటికి అయ్యాయి. రెండేళ్ళకు, పాత అద్దెకే. ఇంకొకరు ఎక్కువిస్తామన్న మాట తారాదేవి ఎత్తలేదు. వెళ్ళేటప్పుడు వసుంధర చేత పులిహోర డబ్బా కట్టించుకుంది. తొమ్మిదో అంతస్తు పెద్దమనిషిని అడిగినట్టు చెప్పమంది.

ఆ సాయంత్రం విశ్వనాథం పట్టికను చెరిపేయబోతుంటే రుచిత ఆపింది. వారం రోజుల రీడింగులు లిమ్ అంకుల్‌వే కదా, అయితే ఆ లెక్క ఆయనకు సరిపోతుంది కదా అంది. ఇద్దరూ వెళ్ళి లిమ్‌కు చూపించారు. ఆయన పగలెంత వాడతాడో, రాత్రెంత వాడతాడో, ఏ రోజు బట్టలుతుకుతాడో అన్నీ అందులో తెలుస్తున్నాయి. తన బతుకును ఇంత శ్రద్ధగా ఎవరో రాసిపెట్టారని ఆయన చాలా సంబరపడి, పట్టికలో పైన వచ్చిన కంపెనీకే మారిపోయాడు. నెలకు తొమ్మిది డాలర్లు మిగులుతున్నాయి. ఆ కృతజ్ఞత ఆయన మనసులో పెట్టుకునే రకం కాదు. ప్రతి నెలా బిల్లు రాగానే ఆ తొమ్మిది డాలర్లకూ చిన్న పనసకాయలాంటి దురియన్ పండు ఒకటి కొని, పక్కింటికి తెచ్చి, తనే కోసి, వాళ్ళు తినేదాకా కూర్చుని మరీ వెళ్తున్నాడు.

విశ్వనాథం ఇంట్లో కరెంటు పాత ధరకే వస్తోంది. దురియన్ వాసన పోవడానికి కిటికీలు తీసి, ఫ్యాన్లన్నీ వేసి ఉంచడంతో వాడకం మాత్రం కొంచెం పెరిగింది.