అరవై కుర్చీలు, ఒకే అడ్రసు

ఉదయం తొమ్మిదీ పదికి ఫర్నిచరు షాపు యజమాని హోటలు మేనేజరుకు తమ సైటులోని కుర్చీ పేజీ లింకు పంపాడు. కావలసినవి అరవై కుర్చీలు. పన్నెండు లోపు ఏ సంగతీ తేల్చి చెబుతానని మేనేజరు అన్నాడు. షాపులో ఆ సంవత్సరం వచ్చిన పెద్ద బేరం అదొక్కటే.

తొమ్మిదిన్నరకు ఫోను మోగింది.

"ఏమండీ, కుర్చీ చూపించమంటే మీ ఫొటో పంపారేమిటి?"

యజమాని తన తెర చూసుకున్నాడు. కుర్చీయే ఉంది. పైనున్న అడ్రసు మళ్ళీ పంపాడు.

"మళ్ళీ మీరే వచ్చారు. నవ్వుతూనే ఉన్నారు."

సైటు చేసినవాడు యజమాని బావమరిది. పేజీని ఫ్రేములుగా, అంటే గదులుగా, విడగొట్టాడు. పై గదిలో షాపు పేరు, ఫోను నంబరు; ఎడమ గదిలో మీటలు, కుడి గదిలో సరుకు. ఏ మీట నొక్కినా కుడి గది ఒక్కటే మారుతుంది. పైన అడ్రసు మారదు. దాన్ని ఎవరికి పంపినా మొదటి పేజీయే తెరుచుకుంటుంది. అక్కడున్నది యజమాని ఫొటో.

"అడ్రసు కదలకపోవడమే అందం బావా!"

"నీ అందం తగలెయ్య! అవతల బేరం కదిలిపోతోందిరా!"

"మీట నొక్కి, ప్రింటు తీసుకోమను."

హోటల్లో గుమాస్తా కుర్చీల మీట నొక్కి ప్రింటు తీశాడు. చివరగా నొక్కింది ఎడమ గదిలో కాబట్టి ఆ గదే అచ్చయింది. పదిన్నరకు మళ్ళీ ఫోను.

"కాగితం మీద 'కుర్చీలు, బల్లలు, మంచాలు' అని మూడు మాటలున్నాయి. ఇందులో ఎక్కడ కూర్చోవాలని మా ఓనరు గారు అడుగుతున్నారు."

బావమరిది ఈసారి కుడి గది ఒక్కదాని అడ్రసే వెతికి, నేరుగా హోటలు ఓనరుకే పంపాడు. కుర్చీ కనిపించింది. షాపు పేరు, ఫోను నంబరు ఉన్న గది మాత్రం రాలేదు.

"కుర్చీ బ్రహ్మాండంగా ఉందట," అన్నాడు మేనేజరు పదకొండింటికి. "ఎవరిదో తెలియక మా ఓనరు గారు నన్ను అడక్కుండానే మీ ఎదుటి షాపువాళ్ళను రమ్మన్నారు. బయల్దేరారట."

యజమాని భార్య తమ్ముడి వైపు చూసింది. "మీ బావ కొంపకు ఎసరు పెట్టావు. ఇంకా మీటలు నొక్కుతావేంరా? ఆ కుర్చీ అందుకో!"

భార్యాభర్తలు కుర్చీని ఆటోలో వేసుకుని వెళ్ళి, ఎదుటి షాపువాళ్ళు రాకముందే హోటలు ఓనరు ముందు దించారు. ఆయన కూర్చున్నాడు. పదకొండూ నలభైకి అరవై కుర్చీలూ ఖాయమయ్యాయి.

"ఆ సైటు ఎవరు చేశారు?" అన్నాడాయన, లేవకుండానే.

"మా ఆవిడ తమ్ముడండీ," అన్నాడు యజమాని తల దించుకుని.

"మా గిరాకీ లాగేస్తున్న పక్క హోటలువాడికి కూడా అలాంటిదే ఒకటి చేసిపెట్టమనండి."

సాయంత్రం నాలుగింటికి పక్క హోటలువాళ్ళు సైటుకు ఒప్పుకున్నారు.