గోదాములో దొంగ కడ్డీ

"ఆదోనిలో తప్పు చేసి నా కంట్లో పడకుండా పోయినోడు ఇంకా పుట్టలేదు!" అని ప్రకటిస్తూ డిటెక్టివ్ ఇంద్రసేనయ్య సంయుక్త ఆఫీసులో అడుగుపెట్టాడు. పత్తి వ్యాపారం కొడుకులకు అప్పగించినప్పటి నుంచి ఆయన నేరాలు వెతుకుతున్నాడు. ఇప్పటిదాకా పట్టుకున్నది, పోయాయనుకున్న తన చెప్పుల్ని మాత్రమే. అవీ కాళ్లకే ఉన్నాయి.

సొంత చిన్నాయన కాబట్టి సంయుక్త పొమ్మనలేకపోయింది. ఆమె పత్తి గోదాముకు ఇనుప షెడ్డు డిజైన్ చేస్తోంది. సొంతంగా ఆఫీసు పెట్టాక వచ్చిన మొదటి పని. సాయంత్రానికి లెక్క తేలకపోతే బళ్లారి ఇంజనీరుకు ఇచ్చేస్తానని గోదాము సేటు చెప్పేశాడు. సాఫ్ట్‌వేరేమో పొద్దుటి నుంచి ఒకటే పాట, 'కన్వర్జ్ కాలేదు' అని.

"అంటే ఏందమ్మా?"

"షెడ్డు గోడల్లో ఇంటూ గుర్తు మాదిరి సన్న కడ్డీలుంటాయి చిన్నాయనా. లాగితే మోస్తాయి, నెడితే వంగిపోతాయి. అందుకే నెట్టుడు పడిన కడ్డీని తీసి పక్కనబెట్టి, లాగుడొస్తే తిరిగి లోపల పెట్టి, సాఫ్ట్‌వేర్ మళ్లీ లెక్క చేస్తాది. లెక్క నిలబడేదాకా అంతే; నిలబడితే కన్వర్జ్ అయినట్టు. ఎన్నిసార్లు తిరగమన్నా, కొంచెం తేడా ఉన్నా సరేలే అన్నా, ఇది నిలబడడంల్యా."

"ఒకసారి లోపల, ఒకసారి బయట! వీడు పాత నేరస్తుడు. తప్పుకో!"

ఎమ్మిగనూరు వియ్యంకుడిచ్చిన భూతద్దం ఆయన జేబులోంచి బయటికొచ్చింది. నేతబట్టలో పోగులు లెక్కపెట్టే అద్దం అది. బట్టకు ఆనించినట్టే దాన్ని స్క్రీనుకు ఆనించి, కన్ను అతికించి, మౌస్ పట్టాడు.

"మూలనుండే కడ్డీకి ఆ బిళ్ల ఏంది?"

"లాగుడు మాత్రమే అని గుర్తు."

"మారువేషం! తీసేస్తాండా సూడు!"

"వద్దు చిన్నాయనా, అది మంచిదే!"

డిలీట్ కొట్టనే కొట్టాడు. కానీ అద్దంలో బొమ్మ పక్కకు జరిగి కనిపించడంతో, మౌస్ బాణం కడ్డీని వదిలి పైనున్న లావు పైపు మీద పడింది. దాని బిళ్ల ఊడిపోయింది. ఆయన వేలు తగిలి లెక్క మళ్లీ మొదలైంది. సంయుక్త తల పట్టుకుంది.

కన్వర్జ్ అయింది!

ఆమె గుడ్లప్పగించి చూసింది. స్తంభాల మధ్య నెట్టుడు మోయాల్సిందే ఆ పైపు. పొద్దున తాను కడ్డీలన్నిటినీ ఒకే గీతలో చుట్టి గుర్తు పెట్టినప్పుడు, అదీ లోపల చిక్కుకుని దానికీ 'లాగుడు మాత్రమే' బిళ్ల పడింది. మోయాల్సిన పైపును సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ లెక్కలోంచి తీసేస్తే షెడ్డు ఎలా నిలబడుతుంది?

"ముసుగు తీయంగానే లొంగిపాయ!" అంటూ ఇంద్రసేనయ్య మీసం దువ్వాడు. "అయితే ఆ బిళ్ల వానంతట వాడే తగిలించుకోడు కదా. దీని ఎనకాల పెద్ద తలకాయ ఒకటుండాది. అది దొరికేదాకా ఈ కుర్చీలోంచి లేసేది లేదు!"

ఆ పెద్ద తలకాయే సేటుకు ఫోన్ చేసి డిజైన్ తయారని చెప్పి, చిన్నాయనకు తినడానికి ఉగ్గాణి, బజ్జీ తెప్పించింది.