కదలని కారులో నూట అరవై

ఆ ఆదివారం ఉదయం లెక్కల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు కారు తీయాలి. ఏడింటికల్లా ఇంజను బలం కొలిచే డైనో మేస్త్రీ షెడ్డుకు చేరాలి. రెండు వందల హార్స్‌పవర్ అని అచ్చయిన కాగితం పుచ్చుకుని తొమ్మిదింటికి ఇంటికొచ్చి కూరగాయలు తరగాలి. ఇందులో ఎవరికీ ఇబ్బంది కలిగించే సంగతి ఒక్కటీ లేదని ఆయన రెండుసార్లు సరిచూసుకున్నారు కూడా.

మూడేళ్ళుగా సెలవు రోజులన్నీ ఆ కారుకే పోయాయి. పాత డబ్బా కారుకు, తుక్కు కొట్లో దొరికిన వ్యాను టర్బోను తన చేతులతో తగిలించారు. వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రంతో ఇంజనులోకి గాలిని బలవంతంగా కుక్కడమే టర్బో పని.

"తిననని మొరాయించే పిల్లాడి నోట్లో ముద్దలు కుక్కినట్టన్నమాట" అని భార్యకు వివరించారు.

"పిల్లాడు కక్కుకుంటే?" అని ఆవిడ అడిగింది. మాస్టారు స్పానరు వెతుక్కుంటూ కారు కిందికి దూరారు.

ఆవిడ బస్టాండులో టైమ్‌కీపరు. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరింది, ఎంత వేగంతో పోతోంది, ఇప్పుడు ఎక్కడుండాలి అని పందొమ్మిదేళ్ళుగా లెక్కేస్తున్న మనిషి. అందుకే కారు ఇంటి షెడ్డు గడప దాటకముందే భర్తను దేవుడి పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంది. ఈ కారులో అరవై దాటను, దాటిన రోజే దీన్ని ఇనుప సామాను కొట్టుకు తోలేస్తాను అని మాస్టారు చెయ్యి చాచి మరీ చెప్పారు. ఆయన ఒట్టు తప్పే మనిషి కాదు. కాని దేవుడికిచ్చిన మాటలో సందు వెతకని మనిషి ఎవరున్నారు?

ఆయనకు దొరికిన సందు డైనో. అది నేలలో అమర్చిన రోలర్ల యంత్రం. కారును నాలుగు వైపులా పట్టీలతో కట్టేసి, వెనక చక్రాలను ఆ రోలర్ల మీద తిప్పుతారు. చక్రాలు ఎంత తిరిగినా కారు అంగుళం కదలదు. ఇంజను బలం ఎంతో యంత్రం చెబుతుంది, దాన్ని బట్టి మేస్త్రీ లాప్‌టాప్‌లో పెట్రోలు లెక్కలు సవరిస్తాడు. కారే కదలనప్పుడు ఇక వేగమెక్కడిది? మాస్టారు ఆ ప్రశ్న తనకు తానే వేసుకుని, తానే మార్కులు వేసుకున్నారు. భార్యకు మాత్రం "ఇంజను పరీక్ష" అని చెప్పి ఊరుకున్నారు.

ఆయన లెక్కలోకి రానిది మామగారొక్కరే. పెద్దాయనకు కాస్త చెవుడు, బోలెడంత భక్తి. ఇంట్లో మిక్సీ, రేడియో పోటీపడే వేళకు ఆయన షెడ్డులోకొచ్చి కారు వెనక సీట్లో కూర్చుని దేవుణ్ణి తలుచుకుంటారు. తలుచుకోవడం ఎక్కడ ఆగి నిద్ర ఎక్కడ మొదలవుతుందో ఆయనకే తెలియదు. ఆ రోజు దుప్పటి నిండా కప్పుకుని సీటు మీద ఒరిగిపోయారు. మాస్టారు పనిముట్ల సంచీ ముందు సీట్లో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా బయల్దేరారు.

ఏడున్నరకు కారు రోలర్ల మీదికెక్కింది. బానెట్ ముందు మనిషంత ఫ్యాను పెట్టారు. మాస్టారు చెవులకు మూతలు తగిలించుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నారు.

"నేను చెయ్యెత్తితే తొక్కండి, దించేదాకా తొక్కుతూనే ఉండండి" అన్నాడు మేస్త్రీ. పెట్రోలు లెక్క కుదిరేదాకా ఒక్కో వేగం దగ్గర కాసేపు నిలబెట్టడం అతని పద్ధతి.

నూట అరవై దగ్గర నిలబెట్టినప్పుడు పెద్దాయనకు మెలకువ వచ్చింది. సీటు అదురుతోంది. ముందు అద్దం సందులోంచి గాలి ఈడ్చి కొడుతోంది. డాష్‌బోర్డు నడుమ లారీ నుంచి తీసి బిగించిన పళ్ళెమంత మీటరులో ముల్లు నూట అరవై చూపిస్తోంది. అల్లుడి భుజం తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అంత వేగంలో నడిపేవాణ్ణి కదిలించకూడదన్న ఇంగితం ఆయనకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని పావుగంట దేవుణ్ణి తలుచుకున్నాక, తడుముకుంటూ కూతురికి ఫోను చేశారు.

"అమ్మాయ్, మీ ఆయన నూట అరవైలో తోలుతున్నాడే!"

"నాన్నా! మీరు కార్లో ఉన్నారా? ఎంతసేపట్నుంచి?"

"మెలకువొచ్చి పావుగంట. అంతకుముందు సంగతి దేవుడికెరుక."

బస్టాండులో ఆదివారం డ్యూటీలో ఉన్న ఆవిడ చెయ్యి తనంతట తానే కాగితం మీద లెక్క వేసింది. పావుగంటకు నలభై కిలోమీటర్లు. "కిటికీలోంచి ఏం కనిపిస్తోంది నాన్నా?"

పెద్దాయన ఒక కన్ను తెరిచారు. "గోడమ్మా."

"ఏం గోడ?"

"తెల్ల గోడ. వస్తూనే ఉంది. ఎంతకీ అయిపోవట్లేదు."

నలభై కిలోమీటర్ల దూరంలో అంత పొడుగు గోడ ఉన్నది ఆనకట్టకొక్కదానికే. ఆవిడ ఆ దారిలో ఉన్న ఏడుగురు డ్రైవర్లకూ ఫోను చేసింది. "బూడిదరంగు పాత కారు. నూట అరవైలో వస్తోంది. బస్సులు పక్కకి తీసి ఆపండి."

ఏడు బస్సులూ ఆగాయి. ప్రయాణికులు దిగి రోడ్డు పొడుగునా నిలబడ్డారు. ఒక డ్రైవరు కారును చూశానన్నాడు. రెండోవాడు రెండుసార్లు చూశానన్నాడు. మూడోవాడు అది ఎర్రదని ఘంటాపథంగా చెప్పాడు. పై అధికారి ఫోను చేసి, బస్సులన్నీ ఎవరికి స్వాగతం చెప్పడానికి నిలబడ్డాయని అడిగాడు. "మా ఆయనకండీ" అని చెప్పి ఆవిడ ఫోను పెట్టేసింది.

అంతలో మళ్ళీ తండ్రి. ఈసారి గొంతు చాలా ప్రశాంతంగా ఉంది.

"అమ్మాయ్, భయపడకు. కారు పక్కనే ఒకాయన నడిచి వస్తున్నాడు."

"నడిచా?"

"తాపీగా. టీ తాగుతూ. నూట అరవైలో పోతుంటే మనిషన్నవాడికి సాధ్యమా? ఆయన మామూలు మనిషి కాడమ్మా. మొహంలో ఎంత శాంతం! ఇక నాకేం ఫర్లేదు."

ఆవిడ ఫోను రెండో చెవికి మార్చుకుంది. తండ్రి మతి పోయిందా, లేక ఇంకేమైనా జరగబోతోందా? కాని పందొమ్మిదేళ్ళ ఉద్యోగం ఊరికే పోదు.

"నాన్నా, ఆయన చొక్కా మీద ఏమైనా రాసుందా?"

"ఉందమ్మా. 'ఇంజన్ వర్క్స్, పాల డెయిరీ ఎదురుగా'."

దేవదూతలు చిరునామా రాసుకుని తిరగరని ఆవిడకు నమ్మకం. డ్రైవర్లందరినీ బయల్దేరమని చెప్పి, డిపో జీపెక్కింది. పాల డెయిరీ పది నిమిషాల దారి.

ఆవిడ వెళ్ళేసరికి కారు ఆగి ఉంది. నాలుగు వైపులా పట్టీలు, కింద రోలర్లు, పక్కన తెల్ల సున్నం కొట్టిన గోడ. మాస్టారు చెవి మూతలు తీసి, వెనక సీట్లోంచి దిగుతున్న మామగారిని చూసి నోరు తెరిచారు. ఆ తరవాత భార్యను చూసి మూశారు.

"ఒట్టు వేశారా లేదా?"

"వేశాను. కాని చూడు, కారు కదల్లేదు. ఎక్కడికెళ్ళాను చెప్పు?"

"ముల్లు ఎంతదాకా వెళ్ళింది?"

"...నూట అరవై."

"అరవై దాటనని కదా అన్నారు. కదిలితేనే అని అన్నారా?"

"అల్లుడుగారూ, కారు కదలకపోతే నా గుండె అంతలా ఎందుకు కదిలిందంటారు?" అన్నారు మామగారు.

మాస్టారు మేస్త్రీ వైపు చూశారు. మేస్త్రీ టీ గ్లాసులోకి చూసుకున్నాడు. దేవుడు మీటరు చూస్తాడా, రోడ్డు చూస్తాడా? ఇలాంటి ప్రశ్న లెక్కల పుస్తకంలో రాదు. మాస్టారు మూడేళ్ళ కష్టం వైపు ఒకసారి చూసి తల దించుకున్నారు. "సరే, ఒట్టు ఒట్టే. సాయంత్రం ఇచ్చేస్తాను. రెండు వందల హార్స్‌పవర్ కూడా రాలేదు."

"ఎలా వస్తుందండీ?" అన్నాడు మేస్త్రీ ఉండబట్టలేక. "నూట ఎనభై ఏడు దగ్గర ఆగిపోతోంది. ఇంజను తప్పు కాదమ్మా. ఇంకాస్త ఉందనగా ఈయన కాలు తీసేస్తున్నాడు. ఎవరో చూస్తున్నట్టు."

ఆవిడ భర్త మొహం చూసింది. అందులో దొంగతనం లేదు. బడి ఎగ్గొట్టి దొరికిపోయిన పిల్లాడి దిగులుంది. ఏదైనా స్వయంగా చూడనిదే రిజిస్టరులో రాసే అలవాటు ఆవిడకు లేదు.

"కదలదంటున్నారు కదా. నేను చూస్తాను. దిగండి."

"నువ్వా? జాగ్రత్త, నెమ్మదిగా..."

"మీరు ఆ గోడ పక్కన నిలబడండి. అది ఎంత దూరం వస్తుందో చూద్దాం."

మేస్త్రీ చెయ్యెత్తాడు. ఆవిడ తొక్కింది. రోలర్లు గర్జించాయి, టర్బో ఈల వేసింది, మామగారు చెవులు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నారు. ముల్లు నూట అరవై దాటింది, నూట ఎనభై దాటింది. ఆవిడ కాలు తియ్యలేదు. మేస్త్రీ చెయ్యి దించాడు. అయినా తియ్యలేదు. రెండు చేతులూ ఊపాక గాని తియ్యలేదు.

యంత్రం కాగితాన్ని బయటికి నెట్టింది. రెండు వందల పద్నాలుగు హార్స్‌పవర్.

మేస్త్రీ దాన్ని చించి మాస్టారి చేతికిచ్చాడు. ఆవిడ చెదిరిన జుట్టు సర్దుకుని, స్టీరింగు వదలకుండానే మెల్లగా అడిగింది. "ఈ పట్టీలు ఎప్పుడు విప్పుతారు?"

"ఇనుప సామాను కొట్టు..." అని మాస్టారు గుర్తు చేయబోయారు.

"అరవై దాటితే కొట్టుకు తోలేస్తానని ఒట్టు వేసింది మీరు. నేను వేశానా? ఈ రోజు నుంచి కారు నాది. మీ ఒట్టు మీరు భద్రంగా ఉంచుకోండి."

జీపును డిపోకు పంపేసి ఆవిడ కారు ఇంటికి తోలుతుంటే బైపాసు ఖాళీగా ఉంది. మామగారు వెనక సీట్లో ముందే కళ్ళు మూసుకున్నారు. ముల్లు అరవై మీదికి పాకుతుంటే మాస్టారు తలుపు పిడి గట్టిగా పట్టుకున్నారు. పక్క సీట్లో కూర్చున్నవాడికి కూడా ఒట్టు వర్తిస్తుందో లేదో ఆయన ఇంతవరకు ఎవరినీ అడగలేదు.