రేయ్ అంటే వందనం

ఒక పెద్ద అడవిలో, అంటే పెద్దదని ఆ అడవివాళ్ళే చెప్పుకునే అడవిలో, చెవులమ్మ అనే కుందేలు ఉండేది. దానికి ఒక్కటే పిల్ల. ఆ పిల్ల మీద ఒక తోడేలు కన్ను పడింది.

చెవులమ్మ వెళ్ళి అడవి సభలో మొరపెట్టుకుంది. సభాధ్యక్షుడు గుమ్మడప్ప అనే ఏనుగు. ఆయన అక్కడికక్కడే రక్షకదళం ప్రకటించేసి, శిక్షణ ఇవ్వడానికి గెంతేశ్వర్రావు అనే కోతిని పిలిపించాడు. ఈ గెంతేశ్వర్రావు పట్నంలో కెండో, అదే జపాను కర్రసాము, నేర్పే బడి పక్క చెట్టు మీద కొన్నాళ్ళు కాపురం ఉన్నాడు. అక్కడినుంచి కర్రలు కనిపించేవి కావు గానీ కేకలు మాత్రం బ్రహ్మాండంగా వినిపించేవి. అంతకంటే అర్హత ఇంకెవరికుంది చెప్పండి!

మొదటి రోజు మాస్టారు బిగదీసుకుని నిలబడి "రేయ్!" అని అరిచాడు.

గుమ్మడప్ప తొండం లేచింది. "ఎవడ్రా అది? అధ్యక్షుణ్ణి పట్టుకుని రేయ్ అంటావా?"

"అయ్యయ్యో, తిట్టు కాదండీ! జపాను భాషలో రేయ్ అంటే వంగి దండం పెట్టమని!"

ఈ ముక్క అడవంతా గుప్పుమంది. మర్నాటినుంచి ఎలుకలూ ఉడతలూ పనిగట్టుకుని గుమ్మడప్ప ఎదుటికొచ్చి, ఎంతో వినయంగా వంగి, "రేయ్! రేయ్!" అని మరీ వెళ్ళేవి. అధ్యక్షుడు ఉడికిపోతూనే తిరిగి దండాలు పెట్టేవాడు.

ఇంకో రోజు మాస్టారు "యామే!" అన్నాడు. ఆపమని దాని అర్థం.

"ఏమే గీమే అన్నావంటే మర్యాద దక్కదు," అంది ఎలుగమ్మ, దళంలోకెల్లా బలమైన ఎలుగుబంటి. "మా ఆయనే అనడు ఆ మాట!"

ఆ తర్వాత "కోతే" వచ్చింది. మణికట్టు మీద కొట్టే దెబ్బ అన్నమాట. ఎక్కడ కొడుతున్నామో ఆ పేరు అరిస్తేనే దెబ్బ లెక్కలోకొస్తుంది, అరవకపోతే కొట్టనట్టే. మాస్టారు ఇది వివరిస్తున్నప్పుడు దళమంతా కునికిపాట్లు పడుతోంది.

"మాస్టారూ, కర్రలెప్పుడు పట్టిస్తారు? నా బిడ్డ..." అంది చెవులమ్మ.

"ముందు పదాలు నోటికి రానీ అమ్మా. కర్రదేముంది, చేతిలో పెడితే అదే వస్తుంది." కర్ర ఎలా పట్టాలో తనకే తెలియదని బయటపడకుండా పదాలతోనే బండి లాగిస్తున్నాడు మరి. పైగా చెవులమ్మని గొంతు చిన్నదని దళంలో చేర్చుకోనేలేదు.

పట్టాలిచ్చే రోజు వచ్చింది. అందరికీ వెదురు కర్రలు పంచారు. "మొకుసో!" అన్నాడు మాస్టారు, కళ్ళు మూసుకుని ధ్యానం చెయ్యమని. అందరూ ఠక్కున మూసుకున్నారు. తోడేలు తాపీగా వాళ్ళ మధ్యలోంచే నడిచొచ్చి, కుందేలు పిల్లని ముందు కాలితో నొక్కిపట్టింది.

చెవులమ్మ కెవ్వుమంది. అందరూ కళ్ళు తెరిచారు. మాస్టారు తోడేలు కాలు చూపిస్తూ "కోతే! కోతే!" అని అరిచాడు.

ఆ కంగారులో దళం బుర్రలోంచి జపాను ఎగిరిపోయి తెలుగే మిగిలింది. "కోతేనట! ఇదంతా చేసింది కోతేనట!" అంటూ అంతా కలిసి మాస్టారి మీద పడ్డారు.

"యామే! యామే!" అని గెంతేశ్వర్రావు లబోదిబోమన్నాడు. "మళ్ళీ ఏమే అంటాడా!" అని ఎలుగమ్మ ఇంకో రెండు వడ్డించింది. "రేయ్! రేయ్!" అని ఏడ్చాడు. అందరూ ఆగి, వంగి, చక్కగా దండం పెట్టి, మళ్ళీ మొదలుపెట్టారు.

తోడేలుకి నవ్వాగలేదు. పిల్లని వదిలేసి పొట్ట పట్టుకుని దొర్లింది. చెవులమ్మ కిందపడ్డ కర్ర ఒకటి అందుకుని, ఒక్క మాటా లేకుండా, దాని ముక్కు మీద శక్తికొద్దీ బాదింది. తోడేలు కుయ్యోమంటూ కొండ దాటింది. బిడ్డని గుండెకదుముకుని ఆ తల్లి ఏడుస్తూ నవ్వుతుంటే నాకైతే కడుపు నిండిపోయింది.

సభకి నిండలేదు. గుమ్మడప్ప తీర్పు చెప్పాడు. "చెవులమ్మ దెబ్బ పేరు అరవలేదు. కాబట్టి అది దెబ్బ కాదు. కాబట్టి తోడేలు ఓడలేదు. కాబట్టి పిల్ల తోడేలుదే. వచ్చి తీసుకుపొమ్మని కబురు పెట్టండి."

"ఆవిడ అక్కడుండగా నేను రాను," అని తోడేలు తిరుగు కబురు పంపింది.

సభ బాగా ఆలోచించి, తోడేలు సౌకర్యం కోసం చెవులమ్మని అడవినుంచి ఏకగ్రీవంగా వెలివేసింది. చెవులమ్మ పిల్లని చంకనేసుకుని ఏరు దాటి వెళ్ళిపోయింది. మిగతావాళ్ళంతా ఇటువైపే ఉండిపోయారు. మర్నాడు తోడేలు ఆకలితో తీరిగ్గా తిరిగొచ్చింది.

నీతి: ఎవరినైనా కాపాడబోయే ముందు ఆ పనిని జపానులో ఏమంటారో కనుక్కోండి, అంతవరకు చచ్చేవాళ్ళు ఆగుతారు.