పదిహేనో నంబరు

"తిరువూరు డిగ్రీ విద్యార్థులను కిడ్నీ పరిశోధకులుగా తీర్చిదిద్దే రెండు గంటల బృహత్తర కార్యక్రమం! మంత్రిగారే స్వయంగా విచ్చేస్తున్నారు!" అని ఆటోకి కట్టిన మైకు మూడు రోజులు ఊరంతా తిరిగింది. మూడేళ్ళ డిగ్రీలో అబ్బని శాస్త్రం రెండు గంటల్లో అబ్బుతుందంటే ఎవరు కాదంటారు? కుర్చీలు నిండాలని మా వీధి ఆడవాళ్ళనీ పిలిచారు. కుక్కరు దించేసి వెళ్ళాను.

మా మేడ మీద గదిలో అద్దెకుండే షైని అప్పటికే ముందు వరసలో ఉంది. బీయస్సీ రెండో ఏడు. ఒళ్ళో నోటుబుక్కు. గంపలగూడెం అవతల వాళ్ళ ఊళ్ళో ఇంటింటికీ తిరిగి, కిడ్నీలు పాడైనవాళ్ళ పేరు, వయసు, ఏ బోరు నీళ్ళు తాగుతున్నారో రాసుకొచ్చింది. పద్నాలుగు పేర్లు. పదిహేను అని అంకె వేసి, ఎదురుగా ఖాళీ వదిలింది.

"ఇదెవరికే?" అన్నాను.

"నాన్నకి ఆంటీ. కాళ్ళు వాస్తున్నాయి. వారంలో రిపోర్టొస్తుంది. రాసే పని పడకూడదని వదిలేశా."

మంత్రిగారి ముందు మూడు నిమిషాలు మాట్లాడమన్నారట. ఊరందరికీ రక్తపరీక్షలు చేయించమని అడుగుతుందట.

సభ పదింటికన్నారు. పదకొండుకి ప్రిన్సిపాల్ శ్రీరాములుగారు మైకందుకున్నారు. "బాత్‌రూములు సార్ కోసం కడిగించి తాళాలేశాం. సార్ వెళ్ళేదాకా ఎవరూ నీళ్ళు తాగొద్దని మనవి." ఆయన వెనక బ్యానరు మీద 'రోజూ మూడు లీటర్ల నీళ్ళు తాగండి' అని రాసుంది. పిల్లలు నోళ్ళెండబెట్టుకుని ఒంటిగంట దాకా ఆ బ్యానరునే చదువుకున్నారు. అంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు.

పన్నెండింటికి ప్రిన్సిపాల్ గారు షైని దగ్గరికొచ్చి, "ఒక్క నిమిషం చాలమ్మా" అన్నారు. మంత్రిగారి కారు హారను వినబడగానే పరిగెత్తుకొచ్చి, "మాట్లాడొద్దులే తల్లీ, బొకే ఇచ్చెయ్" అన్నారు.

మంత్రిగారి ప్రసంగం మాత్రం అమోఘం. "నేనూ సైంటిస్టునే అవుదామనుకున్నా. జనం ఒప్పుకోలా! ఎమ్మెల్యేని చేసేశారు! కిడ్నీ రీసెర్చిలో మీకు మంచి ఫ్యూచరుంది. ఈ ఏరియాలో పేషెంట్లకి కొరత రాకుండా మా ప్రభుత్వం చూసుకుంటది!"

ప్రిన్సిపాల్ గారే ముందు చప్పట్లు కొట్టారు.

షైని బొకే ఇచ్చి, గబగబా నోటుబుక్కు తెరిచింది. "సార్, మా ఊళ్ళో..." అంటుండగానే ఆయన ఆటోగ్రాఫు కోసమనుకున్నారు. పీఏ పెన్ను అందించాడు. అంకె వేసి పేరు రాయంది ఒక్క పదిహేనో నంబరు ఎదురుగానే ఉంది. అక్కడే సంతకం పెట్టి, సెల్ఫీ ఇచ్చి, కారెక్కారు.

మంత్రి సంతకం ఉన్న కాగితమంటే మాటలా! ప్రిన్సిపాల్ గారు ఆ పేజీ జిరాక్సు తీయించి పైకి పంపారు. పైవాళ్ళు ఇంకా పైకి పంపారు. నాలుగో రోజుకి అది ఉదయ్ కుమార్ అనే ఆరోగ్యశాఖ పెద్దాఫీసరు బల్ల మీదకొచ్చింది. చూడగానే ఆయనకి చెమటలు పట్టాయట. "పదిహేనో పేషెంటు సారేనా? ముందు అక్కడికెళ్ళండయ్యా!"

ముగ్గురు డాక్టర్లు, ఒక అంబులెన్సు మంత్రిగారి బంగళాకి పరుగెత్తారు. రక్తం, మూత్రం, స్కానింగు, అన్నీ చేశారు.

వారం తిరిగాక షైని మా ఇంట్లోంచే ఆ ఆఫీసుకి ఫోన్ చేసింది. స్పీకరు నేనే నొక్కాను.

"సార్, మా ఊరికెప్పుడొస్తారు?"

"ఎందుకమ్మా? మీ లిస్టు మీద శాంపిల్ టెస్టింగు అయిపోయింది. నూటికి నూరు శాతం నార్మల్."

"ఎంతమందికి చేశారు సార్?"

"ఒకరికి."

మర్నాడు పేపర్లో మంత్రిగారి నవ్వుతున్న ఫొటో పడింది. పక్కనే పెద్దక్షరాలు: 'ఆ గ్రామంలో కిడ్నీ సమస్య లేదు: పరిశోధనలో వెల్లడి.'

చూపిద్దామని మేడెక్కాను. గడప మీద, ఊర్నించొచ్చిన వాళ్ళ నాన్న ప్రభుదాసు వాచిన కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. పక్కన ఆస్పత్రి కవరు చింపి ఉంది. షైని స్కేలు పెట్టి మంత్రిగారి సంతకం కింద గీత గీసింది. పదహారు అని అంకె వేసింది.

"నాన్నా, నీ వయసు యాభై రెండా, మూడా?"