పెద్దారవీడు బోరు, ప్రశాంతి ల్యాప్‌టాప్

ఆ ఉదయం ప్రశాంతి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మార్కాపురంలోని తన షాపులో కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం తయారుచేయాలి, దాన్ని అరచేయంత బోర్డులోకి ఎక్కించాలి, పదింటికల్లా పెద్దారవీడులో రైతు మాలకొండయ్య బోరు మోటారుకు బిగించాలి. కరెంటు రాగానే మోటారు వేసి, బోరులో నీళ్లు తగ్గితే ఆపేసే బోర్డు అది. సొంతంగా షాపు పెట్టాక ఆమె చేతిమీదుగా వెళ్తున్న మొదటి సరుకు.

ప్రోగ్రాంను తనలోనే తయారుచేసుకునే సత్తా ఆ బోర్డుకు లేదు. ఇంట్లో వండి పొలానికి క్యారియరు పంపినట్టు, ల్యాప్‌టాప్‌లో తయారుచేసి దానికి పంపాలి. వంటకు కావలసిన సామగ్రిని నెట్‌లోంచి తెచ్చి అమర్చేందుకు ప్యాకేజీ మేనేజర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అది మహా ఉదారమైనది. ఒకటి అడిగితే దానికి తోడుగా పది, ఆ పదికి తోడుగా వంద తెస్తుంది. తొమ్మిదింటికి ప్రశాంతి ఫోన్‌లో డేటా అయిపోయింది, సామగ్రి సగం కూడా రాలేదు. మాలకొండయ్యకు ఫోన్ చేసింది.

"పెదనాయనా, కొంచెం ఆలస్యమయ్యేట్టుంది. పాత స్టార్టరు ఇంకా తీయొద్దు."

"నిన్ననే పీకేసినానమ్మా. కురిచేడులో మా అల్లుడు అడిగితే పంపించినా. నువ్వు కంగారు పడబాక. పదింటికి వర్జ్యముందంట, పంతులు చెప్పినాడు. పదకొండు ఇరవైకి పెట్టుకుందాం. టైముంది గదా, నాలుగిళ్లోళ్లను పిలుస్తా."

పాత స్టార్టరు లేదంటే, ఇవాళ బోర్డు నడవకపోతే మూడెకరాల మిరపకు చుక్క నీరు లేదు. మొక్కలు రెండు రోజులుగా వాడిపోతున్నాయని మాలకొండయ్యే చెప్పాడు. ప్రశాంతి తన షాపు పక్కనున్న కుట్టు షాపుకు పరుగెత్తింది.

"పిన్నీ, నీ ఫోన్ హాట్‌స్పాట్ ఒక అరగంట ఇయ్యి."

"తీస్కో బిడ్డా. నా సీరియల్ సాయంత్రం గదా," అంది నూరున్నీసా, మిషన్ మీదనుంచి తల ఎత్తకుండానే.

అరగంట గంటయింది. సామగ్రి ఇంకా వస్తూనే ఉంది. ప్రశాంతి మళ్లీ ఫోన్ చేసింది.

"పెదనాయనా, ఇంకొంచెం..."

"నేనూ అదే చెప్పబోతున్నా. పంతులు మళ్లీ చూసినాడు. పన్నెండు పదికి అభిజిత్తంట, దానికి తిరుగే లేదంట. ఊరందరికీ చెప్పేసినా. మైకు కూడా తెప్పిస్తున్నా."

వాయిదా అడిగిన ప్రతిసారీ ముహూర్తం బలపడుతోంది, జనం పెరుగుతున్నారు. ఆమె ఇక అడగడం మానుకుంది.

పదకొండింటికి ప్రోగ్రాం తయారైంది. ఆ దెబ్బకు నూరున్నీసా ఫోన్‌లో డేటా కూడా అయిపోయి, సాయంత్రం సీరియల్ గాలికి పోయింది. మోటారు దగ్గర బిగించాల్సిన పెట్టెను ప్రశాంతి పరీక్ష వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించి చూస్తే, పెట్టెలోని స్విచ్చు టక్కున పడింది. అమ్మయ్య అనుకుని అన్నీ సర్దుకుని స్కూటీ ఎక్కింది.

పొలంలో షామియానా వేసి ఉంది. దాని కింద యాభై మంది. మోటారు షెడ్డులో కొత్త పెట్టె బిగించి, అందులో బోర్డు పెట్టి, ప్రోగ్రాం ఎక్కించింది. బోర్డు దాన్ని ముట్టుకోనన్నది. ల్యాప్‌టాప్ తెరిచి చూసుకుంది. ఏ బోర్డు కోసమో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. చెప్పలేదు కాబట్టి ప్యాకేజీ మేనేజర్ అంతా ల్యాప్‌టాప్ కోసమే వండిపెట్టింది. మళ్లీ వండుదామంటే పొలంలో సిగ్నలే లేదు.

"ఇంక అయిదు నిమిషాలే ఉంది," అన్నాడు మైకులో పంతులు.

గత్యంతరం లేక ప్రశాంతి బోర్డు పీకేసి, పరీక్ష వైరుతో ల్యాప్‌టాప్‌నే పెట్టెకు కలిపింది. పన్నెండు పదికి మాలకొండయ్య కొబ్బరికాయ కొట్టాడు. ఆమె కళ్లు మూసుకుని మీట నొక్కింది. మోటారు గుర్రుమంది. పైపులోంచి నీళ్లు దూకి మిరప సాళ్లలోకి పారాయి. షామియానా కిందివాళ్లంతా లేచి వచ్చి, ల్యాప్‌టాప్ తెర మీద కదులుతున్న ఆకుపచ్చ గీతలను చూస్తూ నిలబడ్డారు. పంతులు ల్యాప్‌టాప్‌కు పసుపు రాసి బొట్టు పెట్టాడు.

"పెదనాయనా, ఇది ఈ పూటకే. రేపు బోర్డు పెట్టి దీన్ని తీసుకపోతా."

మాలకొండయ్య ముఖం ముడుచుకున్నాడు. "ఏంది పాపా అట్లంటావు. అభిజిత్తులో కూచున్నదాన్ని ఎవరన్నా లేపుతారా? పంట ఇంటికొచ్చేదాకా కదిలించగూడదు."

పంతులు అవునని తలూపాడు. మిగతావాళ్లు తమకూ కావాలంటూ పేర్లు రాయించారు. ముప్పై మంది.

సాయంత్రం ప్రశాంతి చిన్న బోర్డు ఒక్కటీ చేత పట్టుకుని షాపు మెట్లెక్కింది.

"పనయిందా బిడ్డా?" అంది నూరున్నీసా.

"అయింది పిన్నీ. ముప్పై బోర్డులు అడిగినారు."

"మరి నీ ల్యాప్‌టాప్ ఏది?"

"మిరప కోతలైనాక వస్తుంది."