గాల్లో సామేలు, నేల మీద స్వామి

ఆ రోజు పొద్దున సంపత్ వేసుకున్న పథకంలో అబద్ధం ఒక్కటే ఉంది, అదీ చిన్నదే. మెట్‌పల్లిలో బుచ్చన్న ఇంటికి పోయి, ఆయన బిడ్డ పెళ్లి ఫొటోల సంగతి ఖాయం చేసుకొస్తానని భార్య భాగ్యకు చెప్పి, కెమెరా సంచి భుజాన తగిలించుకుని కోరుట్లలోని తన ఇంటి గడప దాటాడు. మెడలో అంజన్న మాల, ఒంటి మీద కాషాయ బట్టలు, నెల రోజుల గడ్డం, కాళ్లకు చెప్పులు లేవు. మాల వేసుకున్నవాడు అబద్ధమాడకూడదన్న నియమం అతను మరిచిపోలేదు. మరిచిపోలేదు కాబట్టే చిన్నది ఆడాడు.

ఆ మాల వేయించింది భాగ్య. పెళ్లిళ్లలో ఫొటోలు తీసేవాడికి అన్నం పెట్టడం మరిచిపోయేవాళ్లు ఉంటారు గానీ, మందు పోయడం మరిచిపోయేవాళ్లు ఉండరు. పద్దెనిమిదేళ్లుగా ఏ ఇంటివాళ్ల మాటా కాదనలేని సంపత్, నిరుడు మూడుసార్లు తాగుడు మానేసి నాలుగుసార్లు మొదలుపెట్టాడు. ఇక లాభం లేదని భాగ్య నలభై ఒక్క రోజుల దీక్ష పట్టించింది. మాల మెడలో పడ్డాక ఒక్క చుక్క ముట్టినా చందుర్తిలో అమ్మగారింటికి వెళ్లిపోతానని, మళ్లీ తిరిగి రానని చెప్పింది. గొంతు పెంచకుండా చెప్పింది. ఆమె గొంతు పెంచి అన్న మాటలను సంపత్ ఎన్నింటినో దులిపేసుకున్నాడు, ఈ మాట మాత్రం గుండెల్లో కూర్చుంది. ముప్పై రోజులుగా అతను నిజంగానే చుక్క ముట్టలేదు.

అతను దాచింది తాగుడు కాదు, సామేలును. అదే ఊరివాడైన సామేలు షార్జాలో స్కేట్‌బోర్డులు ఆడే మైదానంలో నేల ఊడ్చే పని చేసి, ముప్పై నాలుగేళ్ల వయసులో ఆరేళ్లకు తిరిగొచ్చాడు. అందరూ గల్ఫ్ నుంచి బంగారమో దుప్పట్లో తెస్తే, అతను నాలుగు చక్రాల చెక్క తెచ్చాడు. పొద్దున్నే గేటు తెరవకముందు దాని మీద నిలబడడం నేర్చుకున్నాడట. ఈ వయసులో నువ్వు గాల్లోకి లేవలేవు అని అక్కడి ఫోర్‌మన్ నవ్వాడు. ఇప్పుడు సామేలు చెక్కతో సహా జానెడు ఎత్తు లేస్తున్నాడు. ఆ ఫోర్‌మన్‌కు పంపడానికి ఒక్క ఫొటో కావాలని సంపత్‌ను అడిగాడు.

పద్దెనిమిదేళ్లుగా కుర్చీల్లో కూర్చున్న పెళ్లికొడుకులను తీసి తీసి విసిగిన సంపత్‌కు, గాల్లో ఉండే మనిషి అనగానే ప్రాణం లేచొచ్చింది. కానీ కిందటేడు జగిత్యాలలో ఒక పెళ్లిలో అతని కొత్త డ్రోన్ నేరుగా బగారా అన్నం వండిన పెద్ద గంజులో దిగింది. ఇక కొత్త వేషాలు వేయనని ఆనాడు భాగ్యకు మాటిచ్చాడు. అందుకే మెట్‌పల్లి పేరు చెప్పాల్సి వచ్చింది.

ఊరి బయట కట్టి, పెద్దవాళ్ల చేతుల మీదుగా ప్రారంభం కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్న గోదాం ఒకటి ఉంది. దాని ముందున్న సిమెంటు నేల అద్దంలా ఉంటుంది. ఒక పక్క మక్కజొన్న గింజలు ఆరబోసి ఉన్నాయి, మిగతాదంతా ఖాళీ. సంపత్ వారం రోజులు ఫోన్‌లో వీడియోలు చూసి ఒక రహస్యం పట్టుకున్నాడు. కెమెరా ఎంత కిందికి ఉంటే దూకినవాడు అంత పైన కనిపిస్తాడు. కాబట్టి ఆంజనేయుణ్ణి తలుచుకుని నేల మీద బోర్లా పడుకున్నాడు. సామేలు దూరం నుంచి గరగరమని వచ్చి ఎగిరాడు. సంపత్ నొక్కాడు. ఫొటోలో ఆకాశం మాత్రం వచ్చింది. మళ్లీ ఎగిరాడు, ఈసారి ఒక చక్రం వచ్చింది.

ఇరవయ్యోసారికి సంపత్‌లోని పెళ్లి ఫొటోగ్రాఫర్ ఆగలేకపోయాడు. సామేలు గాల్లో ఉండగా, "గట్లనే ఉండు, ఒక్క నిమిషం" అన్నాడు. స్వామి మాట జవదాటే రకం కాదు సామేలు. గాల్లోనే ఉండడానికి శాయశక్తులా ప్రయత్నించి, మక్కల కుప్పలో పడ్డాడు. మనిషికి ఏమీ కాలేదు గానీ పొట్టు ఇరుక్కుని చక్రాలు తిరగడం మానేశాయి. రోడ్డు మీది మెకానిక్ దుకాణంలో చుక్క నూనె వేయించుకొస్తానని చెక్క చంకలో పెట్టుకుని వెళ్లాడు.

సంపత్ పడుకునే ఉన్నాడు. ఇంకో కోణం చూద్దామని చెంప నేలకు ఆనించాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం చేసిన ఒళ్లు, అప్పుడప్పుడే వెచ్చబడుతున్న సిమెంటు. నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోయాడు.

సరిగ్గా అదే సమయానికి మెట్‌పల్లి బుచ్చన్న మోటారు సైకిల్ మీద కోరుట్లలో సంపత్ ఇంటి ముందు దిగాడు. పెళ్లికొడుకువాళ్లది సిరిసిల్ల, అక్కడికి పోయే దారిలో ఫొటోల మాట ముగించుకుందామని వచ్చాడు. స్వామి మీ ఇంటికే వచ్చాడు కదా అంది భాగ్య. నేను మా ఇంట్లోంచే వస్తున్నాను, ఏ స్వామీ రాలేదు అన్నాడు బుచ్చన్న. ఫోన్ చేస్తే సంపత్ ఎత్తలేదు. భాగ్య ముఖంలో రంగు మారింది. అంతలో ఫోన్ మోగింది. అవతల కొమురవ్వ, గోదాం దగ్గరికి తొందరగా రమ్మంది.

కొమురవ్వది వాళ్ల వీధే. మక్కలు తిరగేయడానికి గోదాం దగ్గరికి పోయి, కాషాయ బట్టల్లో నేల మీద పడి ఉన్న మనిషిని చూసింది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. ముప్పై ఏళ్ల కాపురంలో పట్టపగలు నోరు తెరుచుకుని నేల మీద పడుకున్న మగవాళ్లను ఆమె చాలామందిని చూసింది, అందరిదీ ఒకటే కారణం. సోడా బండి దగ్గర్నుంచి నిమ్మకాయలు తెచ్చి, కోసి, మత్తు దిగాలని అతని నడినెత్తిన రుద్దింది. సంపత్ నిద్రలోనే, "ఎగురు సామేలూ, ఇంకింత మీదికి" అన్నాడు. మత్తు తలకెక్కిందని ఆమె ఇంకో కాయ రుద్దింది. గుమికూడినవాళ్లలో ఒక ఆటో స్వామి ఉన్నాడు, అతనూ మాలలోనే ఉన్నాడు. అతను ఫొటో తీసి దీక్షా బృందం గ్రూపులో పెట్టాడు. దానిలో అరవై మంది స్వాములు ఉన్నారు. సంపత్ స్వామి మాల తీయించాలా వద్దా అన్నది సాయంత్రం మాట్లాడదామని రెండు నిమిషాల్లోనే గురుస్వామి జవాబిచ్చాడు.

సంపత్ కళ్లు తెరిచేసరికి చుట్టూ కాళ్లు కనిపించాయి. వాటిలో రెండు భాగ్యవి. పక్కనే బుచ్చన్న చెప్పులు. మెట్‌పల్లిలో ఉండాల్సిన చెప్పులు ఇక్కడ ఉన్నాయని అర్థం కాగానే, అతను గబుక్కున లేచి కూర్చున్నాడు.

మాలలో ఉన్న భర్తను తిట్టకూడదు, ముట్టుకోకూడదు, నువ్వు అనకూడదు. భాగ్య నియమం తప్పలేదు. "స్వామీ, మీరు మెట్‌పల్లి వొయ్యొచ్చిండ్రా?" అంది. అంత మర్యాదగా ఎవరైనా అడిగితే మనిషికి బతకాలనిపించదు. సంపత్ తల దించుకున్నాడు. సామేలు దూకుతుంటే ఫొటోలు తీస్తున్నానని గొణిగాడు. సామేలేడీ అని అందరూ చూశారు. సామేలు లేడు. భాగ్య వంగి, ముట్టుకోకుండా, వాసన చూసింది. నిమ్మకాయ వాసన తప్ప ఏమీ లేదు. తాగినవాళ్ల నెత్తి మీద వచ్చేదీ అదే వాసన.

దిక్కుతోచక సంపత్ కెమెరా తీసి బుచ్చన్న చేతిలో పెట్టాడు. సాక్ష్యం ఉందన్న ధైర్యంతో పెట్టాడు. బుచ్చన్న కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు. వంకర పోయిన గోదాం. మేఘం. చెదిరిపోయిన చక్రం. ఎవరిదో తెలియని మోకాలు. కుక్క. సంపత్ సొంత లుంగీ అంచు. మళ్లీ మేఘం. నూట నలభై ఫొటోల్లో మనిషన్నవాడు ఎక్కడా లేడు. చూస్తున్నకొద్దీ బుచ్చన్న ముఖంలో జాలి పెరిగింది.

"పోనీ చెల్లె, తాగిండు. మనిషన్నంక ఒకనాడు తాగుతడు," అన్నాడు భాగ్యతో. "గీ ఫొటోలు సూస్తెనె ఎర్కయితుంది. మా పెండ్లికి తాగకుంటొస్తె సాలు. పని ఈయనకే ఇస్త, తియ్."

సంపత్ ఆ మాట విన్నాడు. తాగానంటే పెళ్లి పని చేతికొస్తుంది, ఫొటోల పరువు నిలుస్తుంది, భార్య చందుర్తి పోతుంది. తాగలేదంటే ఆ నూట నలభై ఫొటోలు తెలివిలో ఉండి తీసినట్టు ఊరందరి ముందు ఒప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ల విద్య అతని కళ్ల ముందు నిలబడి చూస్తోంది. అంతకన్నా పొద్దుటి అబద్ధం ఎక్కువ కుట్టింది. నమ్మి గడప దాటనిచ్చిన మనిషి ఎదురుగా కళ్లనిండా నీళ్లతో నిలబడి ఉంటే, సిగ్గుతో అతని ముఖం కాలిపోయింది.

"మాల మీద చెయ్యి వెట్టి చెప్పుండ్రి స్వామీ," అంది భాగ్య. "తాగిండ్రా?"

"తాగలే," అన్నాడు సంపత్. "పొద్దుగాల నీకు అబద్ధం చెప్పిన, గది నా తప్పే. గీ ఫొటోలు గూడ మంచి తెలివితోనే తీసిన."

అప్పుడొచ్చాడు సామేలు, నూనె కారుతున్న చెక్కతో. ఇంతమందిని చూసి, తన ఆట చూడడానికే వచ్చారనుకున్నాడు. ఎవరూ అడగకుండానే గరగరమని వచ్చి జానెడు ఎత్తు ఎగిరి నిలబడ్డాడు. సంగతి తెలిశాక, స్వామి పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదని సాక్ష్యమిచ్చాడు. కొమురవ్వ మిగిలిన నిమ్మకాయను కొంగున ముడేసుకుంది. భాగ్య ముఖం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. సంపత్ బతికిపోయాననుకున్నాడు.

బుచ్చన్న మాత్రం కెమెరాను రెండు చేతులతో, గుడిలో కొబ్బరి చిప్ప ఇచ్చినట్టు, అతనికి తిరిగి ఇచ్చాడు.

"తాగి తీసినవంటె నాకు ఫికర్ లేకుండె స్వామీ. పెండ్లినాడు ఒకని కావలి వెడితె అయిపోతుండె. తెలివితోనె గిట్ల తీస్తివంటె, ఇగ దేనికి కావలి వెట్టాలె?"

పెళ్లిలో మనుషులు కుదురుగా కూర్చుంటారని, ఎగరరని సంపత్ బతిమాలాడు.

"బరాత్‌ల ఎగురుతరు గద," అన్నాడు బుచ్చన్న, బండి కిక్కు కొడుతూ.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు భాగ్య పది అడుగుల ముందు నడిచింది. ఎదురైన ప్రతి స్వామీ సంపత్‌కు దండం పెట్టి, అతని నెత్తి వైపు చూశాడు. వీధి మలుపులో ఆమె ఆగింది. చందుర్తి ఊసు ఎత్తలేదు. డ్రోను, మెట్‌పల్లి, నిమ్మకాయలు, అన్నీ గుర్తు పెట్టుకున్నట్టే ఉంది ముఖం.

"ఇంక పదకొండు దినాలే ఉన్నది గద స్వామీ," అంది ఎంతో మర్యాదగా. "మాల తీసినంక నిమ్మలంగ మాట్లాడుకుందాం."

నలభై ఒక్క రోజుల దీక్షను ఎనభై రెండు రోజులు చేసుకునే వీలుందా అని సంపత్ ఆ సాయంత్రమే గురుస్వామిని అడిగాడు.